‘ఆయ్’ అంటే అర్థమైందని కాదు

గోదావరి జిల్లాల మర్యాద తెలుగు నేలంతటా ప్రసిద్ధం. మాటకు ముందు ‘ఆయ్’, మాట చివర ‘అండి’ లేకుండా ఇక్కడ సంభాషణ సాగదు. వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న రాజోలు దీవిలో ఈ మర్యాద ఇంకొంచెం ఎక్కువ. అయితే ఆసుపత్రి గడప దాటగానే ఈ ‘ఆయ్’ అర్థం మారుతుంది. ఆపరేషన్ జరిగిన మనిషిని ఇంటికి పంపుతూ డాక్టరు చెబుతారు: మందులు వేళకు వాడాలి, బరువులు ఎత్తకూడదు, కుట్లు తడవకూడదు, వారం తర్వాత రావాలి. మంచం మీద కూర్చున్న మనిషి ప్రతి మాటకూ ‘ఆయ్’ అంటాడు. డాక్టరు దాన్ని ‘అర్థమైంది’ అని తీసుకుంటారు. ఆ మనిషి అన్నది మాత్రం ‘విన్నానండి, మీ మాటకు ఎదురు చెప్పనండి’ అని. ఈ రెండు అర్థాల మధ్య ఉన్న ఖాళీలో కుట్లు పగులుతాయి, పుండు చీము పడుతుంది, అప్పు పెరుగుతుంది. ఆ ఖాళీ అందరికీ ఒకే వెడల్పున ఉండదు. ఎవరి ‘ఆయ్’ని ఆపి మళ్లీ అడుగుతారు, ఎవరి ‘ఆయ్’తో సంభాషణ ముగిసిపోతుంది అన్నది మన సమాజంలో చాలావరకు కులం నిర్ణయిస్తుంది.

వైద్యంలో కరుణ గురించి మాట్లాడటం సులువు. మంచి డాక్టరు, చల్లని చేయి, తియ్యని మాట అంటూ దాన్ని వ్యక్తి గుణంగా చెప్పుకుంటాం. ఆ గుణం ఉన్న వైద్యులు కోనసీమలో లేకపోలేదు. కాని గుణం మీద ఆధారపడిన కరుణ దయాదాక్షిణ్యంగానే మిగులుతుంది. ఇష్టమైతే ఉంటుంది, లేకపోతే లేదు. దళితుడికి దయాదాక్షిణ్యం కొత్త కాదు. దాని ధర కూడా అతనికి తెలుసు. శస్త్రచికిత్స అనంతరం రోగి కోలుకోవడానికి అవసరమైన వివరణ, శ్రద్ధ, గౌరవం అనే మూడింటినీ హక్కుగా, వైద్యంలో భాగమైన పద్ధతిగా మార్చాలన్నది నా వాదన.

కత్తి పడని ఇల్లు లేదు

శస్త్రచికిత్స అనగానే గుండె, మెదడు గుర్తొస్తాయి. మన పల్లెల్లో అది అంత అరుదైన సంగతి కాదు. 2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. పెళ్లయి పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. దీనికి గర్భసంచి తొలగింపులు తోడు. 2015–16 నాటి నాలుగో సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. అంటే పేటలో ఏ ఇంటి తలుపు తట్టినా పొట్ట మీద కుట్ల గుర్తున్న స్త్రీ ఒకరైనా ఎదురుపడవచ్చు. ఇంతమంది దేహాల మీద కత్తి పడిన రాష్ట్రంలో, ఆ తర్వాత ఏం చేయాలో వారికి అర్థమయ్యేలా ఎవరు చెప్పారన్న ప్రశ్న పెద్దగా చర్చకు రాలేదు.

2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాలతో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడికి ఆపరేషన్ థియేటర్ తలుపు తెరిచింది. దళిత కుటుంబాలకు అది చిన్న విషయం కాదు. అంతకు ముందు పొలమో పుస్తెలో అమ్ముకుంటే తప్ప దొరకని చికిత్స కార్డు చూపిస్తే దొరికింది. ఆ పథకానికి ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారాయి, సూత్రం నిలిచింది. కాని పథకం డబ్బు చెల్లించేది శస్త్రచికిత్స అనే ఘటనకు. కోలుకోవడం ఘటన కాదు, వారాల తరబడి సాగే ప్రక్రియ. అది ఆసుపత్రిలో కాక ఇంట్లో జరుగుతుంది. ఆ ఇల్లు ఎక్కడుంది, అందులో ఎన్ని గదులున్నాయి, నీళ్లెక్కడి నుంచి వస్తాయి, ఆ మనిషి కూలికి పోకపోతే పొయ్యి వెలుగుతుందా అన్నవి ప్యాకేజీలో లేని ప్రశ్నలు.

కోనసీమలో ఇల్లు ఎక్కడుందన్న ప్రశ్నకు కులం పేరే సమాధానం. ఊరు ఒకచోట, పేట మరోచోట. వరద వస్తే ముందు మునిగే లంకలు, చివరికి గాని రోడ్డు పడని పుంతలు ఎవరివో ఇక్కడి వారికి చెప్పనక్కర్లేదు. రాజోలులో ప్రభుత్వాసుపత్రి ఉంది. అక్కడ కానిదానికి అమలాపురం, అక్కడా కానిదానికి ఎదుర్లంక దగ్గర బాలయోగి పేరున్న వారధి దాటి, యానాం మీదుగా కాకినాడ. లేదంటే చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం. ఆపరేషన్ అయిన మనిషిని ఆటోలో, బస్సులో ఇంత దూరం తీసుకెళ్లి, ఓపీలో గంటలు కూర్చోబెట్టి, కుట్లు చూపించుకు రావాలంటే తోడు వచ్చేవారి కూలి కూడా పోతుంది. అందుకే ‘వారం తర్వాత రండి’ అన్న మాట చాలా ఇళ్లలో ‘ఏమైనా అయితే రండి’గా మారిపోతుంది.

బరువు అంటే ఎంత?

నాకు బాగా తెలిసిన ఒక కొబ్బరి ఒలుపు కార్మికుడి సంగతి చెబుతాను. రాజోలు దగ్గర పేటవాసి, యాభై దాటిన మనిషి. గిలక ఆపరేషన్ అని మన వాళ్లు పిలిచే హెర్నియా శస్త్రచికిత్స పథకం కింద వేరే పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. ఆపరేషన్ బాగానే చేశారు. ఎవరూ కసురుకోలేదు, డబ్బు అడగలేదు. ఇంటికి పంపేటప్పుడు ఆంగ్లంలో అచ్చు వేసిన కాగితం ఇచ్చి, ‘కొన్నాళ్లు బరువులు ఎత్తకు’ అన్నారు. ఆయన ‘ఆయ్’ అన్నాడు. మాట తప్పలేదు కూడా. బస్తా ముట్టుకోలేదు, గెల మోయలేదు. మూడో వారంలో ఒలుపుకి మాత్రం వెళ్లాడు. ఎందుకంటే ఒక కొబ్బరికాయ ఆయన లెక్కలో బరువు కాదు. నేలలో పాతిన ఇనుప గునపానికి కాయను గుచ్చి, ఒళ్లంతా వంచి, పొట్ట బిగబట్టి కిందికి నొక్కితే తప్ప పీచు ఊడదు. రోజుకు వందల సార్లు అలా నొక్కాలి. కొత్తగా కుట్టిన పొట్టకు బస్తా మోయడం కన్నా అది మేలేమీ కాదు. కొన్ని నెలల్లో గిలక మళ్లీ దిగింది.

తప్పు ఎవరిది? ‘చెప్పినా వినరు’ అని వైద్య సిబ్బంది అంటారు. విన్నాడు, విన్నట్టే చేశాడు. ‘నువ్వు ఏం పని చేస్తావు, ఆ పని ఎలా చేస్తావు’ అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నకు అర నిమిషం పడుతుంది. అడగకపోవడానికి కారణం సమయం లేకపోవడమే కాదు, ఆ పని వైద్యుడి ఊహలో లేకపోవడం. చిన్నప్పటి నుంచి ఇంటి పెరట్లో కాయలు ఒలిచే మనిషిని చూసి ఉండవచ్చు. అతని పొట్ట కండరాల మీద ఆ పని ఏం చేస్తుందో ఎన్నడూ ఆలోచించి ఉండరు. శ్రమను చూడకుండా శ్రమ ఫలితాన్ని అనుభవించే అలవాటుకే మనం కులం అని పేరు పెట్టుకున్నాం. శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అని అంబేడ్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో చేసిన విశ్లేషణ ఆపరేషన్ వార్డుకూ వర్తిస్తుంది.

ఆరోగ్య అక్షరాస్యత లేకపోవడం అని దీన్ని పాఠ్యపుస్తకాలు అంటాయి. ఆ మాటలో నాకొక ఇబ్బంది ఉంది. అక్షరాస్యత లోపం ఎప్పుడూ రోగిదే అన్నట్టు ధ్వనిస్తుంది. రాజోలు దీవి నుంచి వేలాది స్త్రీలు ఇంటి పనికి కువైట్, దుబాయ్, మస్కట్‌లకు వెళ్లారు. భాష రాని దేశంలో యంత్రాలు నడపడం, అరబ్బీలో బేరమాడటం, డబ్బు పంపడం నేర్చుకున్నారు. ఈ రోజు పేటలో తల్లికి ఇచ్చిన డిశ్చార్జి కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే, కువైట్ నుంచి కూతురు ఏ మాత్ర ఎప్పుడు వేయాలో చెబుతోంది. ఈ మనుషులకు నేర్చుకునే శక్తి లేదని అనగలమా? కోనసీమలో రోగికి అర్థం కాని భాషలో కాగితం ఇచ్చిన వ్యవస్థకు అక్షరాస్యత లేదు. తెలుగులో పెద్ద అక్షరాలతో అర పేజీ రాయలేని ఆసుపత్రి తన రోగిని నిరక్షరాస్యుడు అనడం న్యాయం కాదు.

పథ్యం వెనుక సిగ్గు

ఆపరేషన్ తర్వాత తిండి సంగతి చూడండి. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, చేప, వంకాయ తగవని మన ఇళ్లలో గట్టి నమ్మకం. నిజానికి తెగిన కండ అతుక్కోవడానికి శరీరానికి కావలసింది మాంసకృత్తులు. పప్పు మానేసి, గుడ్డు మానేసి, చారునీళ్లతో పది రోజులు గడిపిన మనిషి పుండు ఆలస్యంగానే మానుతుంది. ఈ నమ్మకం అన్ని కులాల్లోనూ ఉంది. తేడా దాని పర్యవసానంలో ఉంది. పాలు, పెరుగు, పళ్లు, డ్రైఫ్రూట్స్ ఉన్న ఇంట్లో పప్పు మానేస్తే మరొకటి ఉంటుంది. పేటలో పప్పు, ఎండు చేప, గుడ్డు, అప్పుడప్పుడు పెద్దమాంసం మానేస్తే మిగిలేది అన్నం, పచ్చడి.

‘ఏం తినాలండి’ అని అడిగితే వార్డులో వచ్చే జవాబు చాలాసార్లు ‘పళ్లు, పాలు తీసుకో, నాన్‌వెజ్ వద్దు’. కొనలేని తిండిని సూచించి, కొనగలిగిన తిండిని నిషేధించే సలహా ఇది. ఇందులో వైద్యశాస్త్రం ఎంత, వంటింటి శుద్ధి భావం ఎంత అని ఆలోచించాలి. తాను తినే మాంసం పేరు డాక్టరు ముందు చెప్పడానికి దళిత రోగి సిగ్గుపడతాడు. ఆ సిగ్గును అతనికి నేర్పింది ఈ సమాజమే. ‘మీ ఇంట్లో ఏం వండుకుంటారు’ అని ముఖంలో ఏ మార్పూ లేకుండా అడిగి, ‘అదే తినండి, నూనె, కారం తగ్గించి తినండి’ అని చెప్పగల డాక్టరు చేసేది శాస్త్రీయ వైద్యం, సామాజిక న్యాయం రెండూను.

నొప్పి విషయమూ అంతే. ‘కష్టం చేసే ఒళ్లు, ఓర్చుకుంటారు’ అన్న మాట వార్డుల్లో వినని వారుండరు. అది ప్రశంసలా వినిపిస్తుంది, నొప్పి మాత్ర ఆలస్యం కావడంగా పరిణమిస్తుంది. అమెరికాలో 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు శ్వేతజాతి వైద్య విద్యార్థులను, రెసిడెంట్ డాక్టర్లను ప్రశ్నిస్తే, దాదాపు సగం మంది నల్లజాతి వారి దేహం గురించి ఏదో ఒక తప్పుడు నమ్మకాన్ని సమర్థించారు. వారి చర్మం మందమన్నది అందులో ఒకటి. అలా నమ్మినవారు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. వైద్య విద్య చదివినంత మాత్రాన పుట్టి పెరిగిన సమాజం మనసులోంచి పోదన్నదానికి ఇది సాక్ష్యం. మన దగ్గర జాతికి బదులు కులం ఆ పని చేస్తుంది.

జ్వరమాని చేతులు మారిన కథ

దీని చరిత్ర కొత్తది కాదు. అంబేడ్కర్ తన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో గాంధీ పత్రిక ‘యంగ్ ఇండియా’ 1929 డిసెంబరు 12 సంచికలో వచ్చిన ఒక లేఖను పొందుపరిచారు. కాఠియావాడ్‌లోని ఒక దళిత ఉపాధ్యాయుడు రాసిన లేఖ అది. కాన్పయిన భార్యకు జబ్బు చేస్తే డాక్టరును పిలిచాడు. వాడలోకి రానన్నాడు డాక్టరు. పెద్దమనుషుల హామీ, రెండు రూపాయల ఫీజు తర్వాత వచ్చి, రోగిని వాడ బయటకు తెమ్మన్నాడు. జ్వరమానిని తాను ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త భార్య నోట్లో పెట్టాడు. అదే దారిన జ్వరమాని వెనక్కి వచ్చింది. దీపం వెలుగులో దాన్ని చూసి నిమోనియా అని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆమె చనిపోయింది.

ఇప్పుడు ఇంత బాహాటంగా జరగదు. కాని 2006లో వెలువడిన ‘అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా’ గ్రంథం చదివితే ఆ జ్వరమాని ఎంత దూరం ప్రయాణించిందో తెలుస్తుంది. ఘన్‌శ్యామ్ షా, సుఖదేవ్ థోరట్ తదితరులు 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో చేసిన అధ్యయనం అది. ప్రతి మూడు గ్రామాల్లో ఒకదానిలో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు వెళ్లడం లేదని అందులో తేలింది. ఆపరేషన్ అయిన బాలింత ఇంటికి ఎవరూ రాకపోతే కుట్లకు చీము పట్టిందో లేదో చూసేదెవరు? ఆ ఖాళీలోకి ఆర్ఎంపీ వస్తాడు. అతని శిక్షణ గురించి ఎన్ని ఆక్షేపణలైనా చెప్పవచ్చు. కాని అతను పేటకు వస్తాడు, నులక మంచం మీద కూర్చుంటాడు, చెయ్యి పట్టుకుని చూస్తాడు, ఇంటి భాషలో మాట్లాడతాడు. పేదలు అర్హత లేని వైద్యాన్ని ఎంచుకుంటున్నారని విమర్శించేవారు, అర్హత ఉన్న వైద్యం ఎందుకు కూర్చోవడం లేదో కూడా అడగాలి.

ఆసుపత్రి లోపల కరుణకు కూడా కులముంది. రక్తం, చీము, మలమూత్రాలు ఎత్తే చేతులు ఎక్కువగా కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులవి, ఆయాలవి. వారిలో అత్యధికులు దళితులు. రాత్రి రెండు గంటలకు మూలిగే రోగిని పక్కకు తిప్పేది, ‘దగ్గేటప్పుడు పొట్ట మీద దిండు అదుముకో’ అని చెప్పేది తరచు ఆమే. ఆ జ్ఞానానికి గుర్తింపు లేదు, ఆ చేతులకు సరిపడా గ్లౌజులు ఉండవు. వైద్యుడి హోదా సాధించిన దళిత, ఆదివాసీలకైనా భద్రత ఉందా? ముంబయిలో పీజీ చదువుతున్న ఆదివాసీ వైద్యురాలు పాయల్ తాడ్వి కుల వేధింపుల ఆరోపణల మధ్య 2019 మేలో ప్రాణం తీసుకుంది. కరోనా తొలినాళ్లలో మాస్కులు లేవని గొంతెత్తిన నర్సీపట్నం మత్తు వైద్యుడు సుధాకర్‌ను సస్పెండ్ చేశారు. 2020 మేలో విశాఖ నడిరోడ్డు మీద ఆయన చేతులు వెనక్కి కట్టిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. ఏడాది తర్వాత ఆయన మరణించారు. గౌరవం దక్కని చోట పనిచేసే వైద్యుణ్ణి కరుణ చూపమనడం ఎంతవరకు న్యాయం? రోగి గౌరవం, వైద్యుడి గౌరవం వేర్వేరు పోరాటాలు కావు.

తెలియకుండా తీసిన అవయవం

‘గర్భసంచి తీసేశారండి’ అని చెప్పే స్త్రీలను ‘అండాశయాలు ఉంచారా, తీశారా’ అని అడిగి చూడండి. చాలామందికి తెలియదు. అండాశయాలు కూడా తీస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిన దశ మొదలవుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల బలహీనత వస్తాయి. కారణం తెలియని స్త్రీ దాన్ని తన ఖర్మ అనుకుంటుంది; ఇంట్లోవారు ‘ఒళ్లు బద్ధకం’ అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారన్న విమర్శలు పెరిగాక, ప్రైవేటు ఆసుపత్రులకు ఆ వీలును ప్రభుత్వం పరిమితం చేయవలసి వచ్చింది. బీహార్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో ఇలాంటి ఆపరేషన్ల మీద దాఖలైన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్ర మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించింది. పేద స్త్రీలు, దళిత, ఆదివాసీ స్త్రీలే ఇలాంటి శస్త్రచికిత్సలకు ఎక్కువగా గురవుతున్నారన్నది ఆ వ్యాజ్యంలోని ప్రధాన ఆందోళన.

సమ్మతి అంటే ఏమిటో అత్యున్నత న్యాయస్థానం అంతకు ముందే చెప్పింది. 2008 జనవరిలో సమీరా కోహ్లి కేసులో, పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, బయట ఉన్న ఆమె తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసేయడం చెల్లదని తీర్పునిచ్చింది. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు రోగికి తెలిసిన తర్వాత ఇచ్చినదే సమ్మతి. ఆ వివరణ లేకుండా తీసుకున్న వేలిముద్ర సమ్మతి కాదు, మర్యాదకు అన్న ‘ఆయ్’ అంతకన్నా కాదు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం కూడా సమాచార హక్కును ముందు వరుసలో పెట్టింది. ఆ పత్రం తెలుగులో అచ్చయి ఎన్ని ఆసుపత్రుల గోడల మీద ఉందో విద్యార్థులు తమ ఊళ్లలో తిరిగి చూడవచ్చు.

మాట కూడా మందే

ఇదంతా మానవీయత గురించిన ఉపన్యాసమేనని, వైద్య ఫలితానికి దీనితో పనేమిటని అడిగేవారికి 1964 నాటి ఒక ప్రయోగాన్ని గుర్తు చేయాలి. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో లారెన్స్ ఎగ్బర్ట్ బృందం పొట్ట ఆపరేషన్లు జరిగే 97 మంది రోగులను రెండుగా విభజించింది. ఒక బృందానికి మత్తు వైద్యుడు ముందే వచ్చి, నొప్పి ఎక్కడ వస్తుంది, ఎందుకు వస్తుంది, ఎలా కదలాలి, ఎలా ఊపిరి తీసుకోవాలి అని వివరించాడు. తర్వాత కూడా వచ్చి చూశాడు. రెండో బృందానికి మామూలు చికిత్సే. వివరణ పొందినవారికి నొప్పి తగ్గించే మత్తుమందులు సగమే సరిపోయాయి. ఎవరు ఏ బృందమో తెలియని సర్జన్లే వారిని సగటున 2.7 రోజులు ముందుగా ఇంటికి పంపారు. మాట్లాడటానికి ఖర్చేమీ కాలేదు. మాట వైద్యానికి అలంకారం కాదని, వైద్యంలో భాగమని అరవై ఏళ్ల నాడే రుజువైంది. అలాంటప్పుడు ఒక కులం వారికి వివరంగా, మరొక కులం వారికి ముక్తసరిగా మాట్లాడటం మందులో సగం మోతాదు తగ్గించి ఇవ్వడంతో సమానం.

సంబోధన నుంచే ఈ మోతాదు మొదలవుతుంది. ‘మీరు’, ‘గారు’ అందరికీ పంచే నేలలో అరవై ఏళ్ల కూలి తల్లిని పాతికేళ్ల సిబ్బంది ‘ఏంటే, ఎక్కడే నొప్పి’ అనడం వింటాం. ఏకవచనంతో మొదలైన సంభాషణలో ఆమె ప్రశ్న అడగదు. ప్రశ్న అడగని రోగి ప్రమాద సంకేతం చెప్పదు. జ్వరం వచ్చినా, కుట్ల నుంచి నీరు కారినా ‘విసుక్కుంటారేమో’ అని ఆగుతుంది. ఆ ఆగిన రెండు రోజుల్లో జరిగేది ప్రాణాంతకం కావచ్చు.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లాగా ఏర్పడింది. దానికి అంబేడ్కర్ పేరు పెట్టాలన్న ప్రతిపాదన మీద మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. ఆ పేరు నిలిచింది. అమలాపురం లోక్‌సభ స్థానం, రాజోలు, అమలాపురం, పి.గన్నవరం అసెంబ్లీ స్థానాలు ఎస్సీ రిజర్వుడు. పేరు, ప్రాతినిధ్యం రెండూ ఉన్న చోట పరీక్షకు నిలవాల్సింది పాలన. అంబేడ్కర్ 1956 మేలో బీబీసీ ప్రసంగంలో తాను బౌద్ధాన్ని ఎందుకు ఇష్టపడుతున్నారో చెబుతూ మూడు సూత్రాలను కలిపి చెప్పారు: ప్రజ్ఞ, కరుణ, సమత. ఆసుపత్రి భాషలోకి వాటిని తేవడం కష్టమేమీ కాదు. తన దేహం గురించి రోగికి తెలియడం ప్రజ్ఞ. ఆ తెలియజెప్పడంలో వైద్యుడి శ్రద్ధ కరుణ. ఆ రెండూ పేటకూ ఊరికీ ఒకే కొలతన అందడం సమత. మూడోది లేకుండా మొదటి రెండూ కొందరి సౌకర్యంగానే ఉంటాయి.

చేయవలసిన పనులు పెద్దవి కావు. డిశ్చార్జి కాగితం తెలుగులో ఉండాలి. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో బొమ్మలతో ఉండాలి. ‘అర్థమైందా’ అని అడగడం మానేసి, ‘ఇంటికెళ్లాక ఏం చేస్తారో మీరు చెప్పండి’ అని రోగి చేతనే చెప్పించుకోవాలి; చెప్పలేకపోతే అది రోగి తప్పు కాదు, వివరణ చాలలేదని గుర్తు. పని ఏమిటి, ఇల్లు ఎలా ఉంది, తోడు ఎవరు అన్న మూడు ప్రశ్నలు కేసు షీటులో తప్పనిసరి కావాలి. ఒలుపు కార్మికుడికి, రొయ్యల చెరువు కూలీకి, ఇంటిపని మనిషికి సలహా వేర్వేరుగా ఉండాలి. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఆపరేషన్ జరిగిన ఇంటికి మొదటి వారంలోనే వెళ్లి కుట్లు చూసినట్టు నమోదు కావాలి. ఆ నమోదులో పేటల లెక్క విడిగా కనబడాలి. 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో వైఖరి, నైతికత, సంభాషణ అనే అంశాలు చేరాయి. కాకినాడ రంగరాయ కళాశాలలోనైనా, అమలాపురంలోనైనా ఆ పాఠంలో కులం అన్న మాట ఉండాలి. అది లేని సంభాషణ పాఠం నవ్వడం నేర్పుతుందేమో గాని వినడం నేర్పదు.

అన్నిటికన్నా ముఖ్యం కూలి. విశ్రాంతి తీసుకోమనడం రోజు కూలీకి పస్తుండమనడమే. 2019 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్య ఆసరా పేరుతో, శస్త్రచికిత్స తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు ఇచ్చే పద్ధతి తెచ్చింది. మొత్తం చాలదు, సూత్రం మాత్రం సరైనది. విశ్రాంతి కూడా చికిత్సేనని, దానికి ప్రభుత్వం చెల్లించాలని అది ఒప్పుకుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఏ పేరు పెట్టుకున్నా ఆ సూత్రం నిలవాలి. ఆ మొత్తం కనీస వేతనానికి తగ్గకూడదు. మూడో వారంలో గునపం దగ్గరకు వెళ్లిన మనిషిని ఇంట్లో ఆపగలిగేది సలహా కాదు, ఆ కూలి.

‘మాకొద్దీ నల్లదొరతనం’ అని 1921లోనే గొంతెత్తిన కుసుమ ధర్మన్న ఈ గోదావరి గట్టువాడే. ఆయన కవి, సంపాదకుడే కాదు, వైద్యుడు కూడా. వైద్యానికీ ఆత్మగౌరవానికీ మధ్య గోడ లేదని ఆయన జీవితమే చెబుతుంది. ఈ జిల్లాలో చదువుకుంటున్న దళిత విద్యార్థులు రోగుల హక్కుల పత్రాన్ని పేటపేటకూ తీసుకెళ్లాలి. ‘నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’ అనే వాక్యాన్ని ప్రతి తల్లికీ, ప్రతి కూలీకీ నేర్పాలి. డాక్టరు ముందు ఆ మాట అనడం అమర్యాద కాదు. ‘ఆయ్’ అనే మన మర్యాదకు ఎదుటివారు కూడా అంతే మర్యాదగా జవాబు చెప్పే రోజున, కుట్లు విప్పించుకున్న మనిషి నిజంగా ఇంటికి చేరుకున్నట్టు.